అత్త తలమీద కప్పతల్లి

పెండ్లై కామారెడ్డికి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాకు దగ్గరైన మొదటి ప్రాణి మా ఆయన కాదు, ఒక కప్ప. మా ఆయన తెల్లవారకముందే పొలానికి పోయి దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. వచ్చినా తల్లి ముందు నాతో మాట్లాడడం మర్యాద కాదని, గోడతో మాట్లాడినట్టు "మంచినీళ్ళున్నయా?" అని అడిగి ఊరుకునేవాడు. కప్పకు అలాంటి మొహమాటాలు లేవు. రోజంతా ఇంట్లోనే ఉండేది, ఎవరున్నా లేకపోయినా నా వైపే చూసేది.

మా ఇల్లు స్టేషను అవతల, రైలు కూత వినబడేంత దూరంలో ఉండేది. పెరట్లో ఒక మూల మట్టిగోడల స్నానాల గది. పైన గూనపెంకలు, లోపల నడుములోతు నీళ్ళ గోలెం, గోలెం పక్క గోడకు దీపం పెట్టుకునే చిన్న గూడు. ఆ గూట్లో ఎవరూ దీపం పెట్టేవారు కాదు, ఎందుకంటే అది కప్పగారి నివాసం. నేను వచ్చిన మర్నాడు ఆ సంగతి తెలియక తలమీద మొదటి చెంబు పోసుకున్నాను. గూట్లో మట్టిపెళ్ళ అనుకున్నది ఒక్క దూకు దూకి గోడకు అతుక్కుంది. రెండో దూకుకు నా భుజం మీదికి వచ్చింది. నేను పెట్టిన కేకకు వాడంతా కదిలింది.

మా అత్త పరుగున వచ్చింది గానీ లోపలికి రాలేదు. తలుపు బయటే నిలబడి, "ఏమైందే పిల్లా? పామా?" అంది.

"కప్ప అత్తా!"

"కప్పా! సాగరు పక్క పుట్టినదానివి, కప్ప నెరుగవా? మీ ఎల్లారెడ్డిల కప్పలు లేకుంటె ఏమున్నయే?"

ఎల్లారెడ్డికి దగ్గరలోనే నిజాంసాగర్ ఉంది కాబట్టి, మా ఊళ్ళో మనుషులకన్నా కప్పలే ఎక్కువ అని మా అత్త అభిప్రాయం. ఆ రోజు మొదలు ఆమె ఈ కథను కూరగాయల గంప దింపినవాళ్ళకు, గాజులు అమ్మవచ్చినవాళ్ళకు, దారిన పోతూ నీళ్ళు అడిగినవాళ్ళకు కూడా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ కొంచెం కలిపేది. మొదట నేను కేక పెట్టానంది, తర్వాత గోలెంలో పడ్డానంది, బతుకమ్మ పండుగ నాటికి నేను పెంకలు తోసుకుని ఇంటికప్పు ఎక్కేశాను. మా అత్త చెబుతుంటే నాకే నమ్మబుద్ధయ్యేది.

అది మామూలు బావికప్ప కాదు, చెట్టుకప్ప. నా బొటనవేలికన్నా కాస్త పెద్దది. పగలంతా కాళ్ళు కడుపు కిందికి ముడుచుకుని, కండ్లు సగం మూసి, గూట్లో కదలకుండా కూర్చునేది. ఎండ ఎక్కితే మట్టిరంగు పోయి పాలిపోయేది. దాని వేళ్ళ చివర పెసరగింజల్లాంటి గుండ్రని బొడిపెలు ఉండేవి, వాటితో నున్నటి గోడను కూడా పట్టుకుని పాకేది. చాలా ఏండ్ల తర్వాత మా మనవరాలి బొమ్మల పుస్తకంలో దాని చుట్టాలను చూశాను. ఏడాది పొడుగునా వాన కురిసే పెద్ద అడవుల్లో, మనిషి చేతికందని కొమ్మల మీద కాపురాలట వాటివి. అంత గొప్ప వంశంలో పుట్టి, ఆ అడవులన్నీ కాదని, కామారెడ్డిలో మా గోలెం పక్కకు ఎందుకు చేరిందో దానికే తెలియాలి. నేను మాత్రం ఎందుకు చేరాను గనక!

భయం పోయింది. పోయి స్నేహమైంది. స్నానానికి పోయినప్పుడల్లా దానితో నాలుగు మాటలు చెప్పేదాన్ని. ఎల్లారెడ్డి సంగతులు, నన్ను కన్న అవ్వ చేసే పచ్చిపులుసు, అత్త ఆ పూట నన్ను ఏమందో, అన్నీ. అది గొంతు కింది తోలు ఆడిస్తూ వినేది. నేను నీళ్ళు పోసుకోవడం మొదలుపెడితే మాత్రం మర్యాదగా గోడ ఎక్కి దూలం మీదికి పోయేది. చిలకరింపు కొంచెం పడితే కొంచెం పైకి, ఎక్కువ పడితే ఇంకా పైకి. నీళ్ళలో పుట్టిన ప్రాణికి నీళ్ళంటే అంత చిరాకు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. నేను లోపల గొణుక్కోవడం బయటికి వినబడుతుందని తెలియక చాలా రోజులు ముచ్చట్లు చెప్పాను. తెలిసేనాటికి మా అత్త దానికి "నీ దోస్తు" అని పేరు పెట్టేసింది.

ఎండలు ముదరకముందు మా బాపు నన్ను చూడవచ్చాడు. మెత్తని మనిషి. ఏ మాటనైనా చుట్టూ తిప్పి తిప్పి చెప్పేవాడు, అసలు మాట వచ్చేలోపల లేచి పోయే వేళ అయ్యేది. ఆ రోజు కూడా పంటల గురించి, ఎడ్ల గురించి, బండి ఇరుసు గురించి చాలాసేపు మాట్లాడి, చివరకు చెప్పులు తొడుక్కుంటూ, "వాళ్ళవ్వకు కండ్లు మసక వడుతున్నయి వదినమ్మా. దగ్గెరికొస్తె గని మనిషి ఆనుతలేరు. బిడ్డను ఒక్కపారి..." అన్నాడు.

"వానలు వడనీ అన్నా," అంది మా అత్త.

"గట్లనే, గట్లనే," అని మా బాపు వెళ్ళిపోయాడు.

నేను తలుపు చాటున నిలబడి విన్నాను. అవ్వకు చూపు తగ్గుతున్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. పోయిన దసరాకు చూసి వచ్చాను. మళ్ళీ నేను పోయేనాటికి నా ముఖం ఆమెకు కనబడుతుందా? ఆ ఒక్క మాటే లోపల తిరిగేది. పనిలో ఉన్నా తిరిగేది, తింటున్నా తిరిగేది. పోతానని నేను నోరు తెరిచి అడగడమన్న మాటే లేదు. తల్లిగారింటివాళ్ళు వచ్చి అడగాలి, అత్తగారింటివాళ్ళు పంపాలి. కోడలు అడిగిందంటే ఆ పిల్లకు ఇంట్లో కాలు నిలవడం లేదని వాడంతా చెప్పుకునేవాళ్ళు.

మా అత్తకు ఒక నమ్మకం ఉండేది. వాన కోసం ఊరు ఎదురుచూసే రోజుల్లో కోడలు గడప దాటితే వాన కూడా ఆ ఇంటి పొలం దాటిపోతుందట. ఎవరు చెప్పారో తెలియదు, ఆమెకు వాళ్ళ అత్త చెప్పి ఉంటుంది. ఇక నా సంగతి చూడండి. వాన పడకపోతే నమ్మకం అడ్డం. వాన పడితే దుక్కులు, నాట్లు, ఎడ్లకు ఖాళీ ఉండదు, బండి కట్టేవాళ్ళు ఉండరు. పైగా దారిలో వాగు పొంగుతుంది. ఏ లెక్కన చూసినా నేను ఎల్లారెడ్డికి పోయే దారి దేవుడు ఎక్కడా పెట్టలేదు. ఈ సంగతి కప్పకు వివరంగా చెప్పాను. అది కండ్లు మూసుకుంది.

ఆ ఏడు వాన రాలేదు. మబ్బులు వచ్చేవి, మా మీద నీడ పరిచేవి, పక్కనే ఉన్న రాజంపేట దిక్కు సాగిపోయేవి. మా వాడవాళ్ళంతా రాజంపేటవాళ్ళ మీద పండ్లు నూరారు. అక్కడినుంచి వచ్చినవాళ్ళను అడిగితే, మబ్బులన్నీ కామారెడ్డివాళ్ళే ఆపేసుకుంటున్నారని వాళ్ళు మమ్మల్ని తిడుతున్నారట. చేదబావిలో బొక్కెన బురద తగిలి చప్పుడు చేసేది. ఇక కప్పతల్లిని లేపాలన్నారు.

కప్పతల్లి అంటే మా వైపు ఆడవాళ్ళు వానకోసం చేసే మొక్కు. ఒక కప్పను తడిగుడ్డలో మూటగట్టి, వేపరెమ్మలతో రోకలి నడుమ వేలాడదీసి, రోకలి రెండు కొసలు ఇద్దరు భుజాన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలు ఎదురొచ్చి ఆ మూట మీద కడివెడు నీళ్ళు కుమ్మరిస్తుంది, దోసెడు గింజలు పెడుతుంది. కప్ప తడిస్తే నేల తడుస్తుందని నమ్మకం. చివరకు కప్పను నీళ్ళలో వదిలి, గింజలన్నీ కలిపి వండుకుని తింటారు. మా వాడలో రోకలి మా ఇంటినుంచే లేచేది, ముందు కొస మా అత్త భుజానే ఉండేది. ఆమె మంచి పొడగరి. రోకలి ఎత్తుకుని నడుస్తుంటే చూడముచ్చటగా ఉండేదని చెప్పుకునేవాళ్ళు. ఆమె కూడా చెప్పుకునేది.

అంతా సిద్ధమైంది గానీ కప్ప దొరకలేదు. కరువు వస్తే కప్పలు బురదలోకి దిగి దాక్కుంటాయి. ఆ బురద ఎండి గట్టిపడి గడ్డపారకు కూడా లొంగడం లేదు. పక్కింట్లో ఉండే మా చిన్నత్త, అంటే మా అత్తకు వరసకు చెల్లెలు, పొద్దుటినుంచి ఎండిపోయిన చెరువు శిఖం నేలంతా తవ్వి, ఒక తేలును, ఒక పగిలిన దుత్తను పట్టుకుని వచ్చింది.

"కప్పలు లేవక్కా. ఎనక వాడోళ్ళు గూడ దేవులాడుతున్నరు. మనకు దొరకకుంటె రోకలి వాళ్ళే లేపుతరంట," అంది.

మా అత్త ముఖం మాడిపోయింది. కాసేపు ఆకాశం వైపు చూసింది, కాసేపు తేలువైపు చూసింది, చివరకు ఆమె చూపు మెల్లగా స్నానాల గదివైపు తిరిగింది.

"పిల్లా, నీ దోస్తును పట్టుకరాపో," అంది.

"దానికేం గాదు గద అత్తా?"

"కప్పతల్లికేమైతదే? మల్ల నీళ్ళల్ల ఇడువమా?"

"గది మూటల ఉండదత్తా. నీళ్ళు వోస్తె పైకెక్కుతది."

అంతే, నవ్వులు. "కప్ప నీళ్ళకు భయపడుతదంటనే!" అని చిన్నత్త కడుపు పట్టుకుంది. "మీ ఎల్లారెడ్డి కప్పలు ఎండకు కూసుంటయా?" అని ఇంకొకామె. కొత్త కోడలి మాట వినే ఆచారం కామారెడ్డిలో లేదు. నేను పోయి, దోసిట్లో పట్టుకుని, పైన ఇంకో చెయ్యి మూసి తెచ్చాను. అది చల్లగా నా అరచేతికి అతుక్కుని కూర్చుంది. మా అత్తకు అందివ్వబోతే ఆమె గబుక్కున వెనక్కి జరిగి, "నాకెందుకు, మీ చిన్నత్తకియ్యి," అంది. నేనది పట్టించుకోలేదు.

చిన్నత్తకు కప్పలు కట్టడంలో చేయి తిరిగింది. ఒళ్ళున్న బావికప్పలను కట్టే పద్ధతిలోనే గుడ్డ చుట్టి, పసుపుకుంకాలు పెట్టి, వేపరెమ్మలు జోడించి రోకలికి కట్టింది. పిడికెడు లేని ప్రాణికి ఆ మూట ఊరేగింపు పల్లకీ అంత ఉంది. మా అత్త ముందు కొస ఎత్తుకుంది. చిన్నత్త వెనక కొస. గింజల గంప పట్టుకుని నేను మా అత్త పక్కన. డప్పు ముందు నడిచింది.

మొదట్లో అంతా బాగానే జరిగింది. నీళ్ళు కరువైన రోజులు కాబట్టి ఇల్లాళ్ళు పొదుపుగా చెంబెడు పోసేవాళ్ళు, మూట తడిసీ తడవనట్టుండేది. మూలమీది ఇంటామె మాత్రం చేయి పెద్దది. నిండు కడవ ఎత్తి ఒక్కసారి కుమ్మరించింది. గుడ్డ జారింది. వేపరెమ్మల నడుమనుంచి సన్నని చెయ్యి ఒకటి బయటికి వచ్చింది, తర్వాత ఇంకోటి. కప్ప రోకలి మీదికి ఎక్కింది. చుట్టూ చూసింది. అక్కడ పొడిగా, ఎత్తుగా ఉన్నది ఒక్కటే. రోకలి వెంట పాకి మా అత్త భుజం మీదికి, భుజం నుంచి మెడ మీదికి, మెడ నుంచి కొప్పు మీదికి, అక్కడినుంచి నడినెత్తికి చేరి, ముందరి కాళ్ళు రెండూ నుదుటి మీదికి చాచి, హాయిగా కూర్చుంది.

డప్పు ఆగింది. వాడంతా నోరు తెరుచుకుని చూసింది. ముందుగా మూలమీది ఇంటామె తేరుకుని, "కప్పతల్లి నెత్తికెక్కిందే!" అని మా అత్త కాళ్ళ మీద పడిపోయింది. ఆమె వెనక ఇంకొకామె. చంకలో పిల్లలున్నవాళ్ళు పిల్లలతో సహా దండం పెట్టారు. ఇంతకుముందు ఏ ఏడూ, ఏ వాడలోనూ కప్పతల్లి ఎవరి తలా ఎక్కలేదు.

మా అత్త కదలలేదు. రోకలి దించలేదు. కండ్లు పెద్దవి చేసి నేరుగా ముందుకు చూస్తూ నిలబడింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. మొక్కుకుంటున్నదనుకున్నారు అంతా. నేను దగ్గరికి పోయి చెవి పెట్టాను.

"తియ్యి," అంటున్నది. "తియ్యి, తియ్యి, తియ్యి."

రోకలి పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. మెడ మీద పోసిన నీళ్ళో చెమటో తెలియదు, ధారగా కారుతున్నది. అప్పుడు నాకు వెలిగింది. ఆ మొదటి రోజు ఆమె తలుపు దాటి లోపలికి ఎందుకు రాలేదో, ఇందాక ఎందుకు వెనక్కి జరిగిందో అర్థమైంది. నన్ను ఇంటికప్పు ఎక్కించిన మా అత్తకు కప్పంటే ప్రాణభయం.

ఆ క్షణాన నాలోకి ఏం ప్రవేశించిందో చెప్పలేను. కప్పతల్లే అయి ఉంటుంది.

"ఎల్లారెడ్డికి పంపుతవా అత్తా?" అన్నాను.

ఆమె కనుగుడ్లు మాత్రం నా వైపు తిరిగాయి. "ఏందీ?"

"తల్లిగారింటికి. అవ్వను సూడాలె."

"ముందు తియ్యే!" పండ్ల సందునుంచి వచ్చింది మాట.

"పంపుతవా?"

కప్ప కుడికాలు కాస్త జరిపి కనుబొమ మీద పెట్టింది.

"పంపుత."

"ఎన్నడు?"

"రేపే! రేపు పొద్దుగాల్లనే!"

నేను అరచెయ్యి ఆమె తలకన్నా ఎత్తుగా పెట్టాను. ఎత్తు కనబడితే ఆగే ప్రాణి కాదు గదా, మెల్లగా నా చేతి మీదికి ఎక్కింది. పక్కన గోడ మీదుగా వేపకొమ్మ వంగి ఉంది. దాన్ని కొమ్మకు అందించాను. ఆకుల్లోకి పోయి మాయమైంది. మిగిలిన ఇండ్లన్నీ వట్టి మూటతోనే తిరిగాము. కప్పతల్లి ఎక్కిన తల కళ్ళముందే ఉంది కాబట్టి ఎవరూ మూట విప్పి చూపమనలేదు. మా అత్త రోకలి కొస చివరి ఇంటిదాకా దించలేదు. ఇంటికి వచ్చాక మాత్రం కుంకుడుకాయలన్నీ అయిపోయేదాకా తల రుద్దుకుంది.

వాన ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. తర్వాత నేను ఊళ్ళో లేనప్పుడు దంచి కురిసిందట. కోడలు గడప దాటినాక! ఆ ఘనత వాడంతా మా అత్త నెత్తికే కట్టింది. ఆమె వద్దనలేదు.

మాట ఇచ్చింది గానీ తెల్లవారితే వెనక్కి తీసుకుంటుందనే అనుకున్నాను. కప్ప తలమీద ఉండగా ఇచ్చిన మాటకు విలువేముంది? నేను లేచి చూసేసరికి వాకిట్లో ఎడ్లు కట్టి ఉన్నాయి. మా ఆయన బండి దగ్గర నిలబడి, ఏం జరుగుతున్నదో తెలియక తల గోక్కుంటున్నాడు. మా అత్త జొన్నరొట్టెలు, ఎల్లిపాయకారం మూటగట్టి, అవ్వకోసం నువ్వులముద్దలు విడిగా కట్టింది. చిన్నత్త గోడ మీదుగా చూసి బుగ్గలు నొక్కుకుంది.

"వాన లేని దినాలల్ల కోడల్ని గడప దాటిస్తున్నవా అక్కా?"

"దాటిస్తున్న."

"నలుగురేమంటరు?"

"అననీ."

నేను బండెక్కాను. గెలిచానన్న సంతోషం ముఖంలో కనబడకుండా తల వంచుకున్నాను. ఎల్లారెడ్డి చేరగానే అక్క చెల్లెండ్లందరినీ కూర్చోబెట్టి, మా అత్త కనుగుడ్లు ఎలా తిరిగాయో చేసి చూపించాలని దారి మొదలుకాకముందే అనుకున్నాను. మా అత్త మూటలు అందించి, బండి పక్కనే నిలబడింది.

"నా మీద కోపమొచ్చిందా అత్తా?" అన్నాను, అడగాలి కాబట్టి.

"కోపమెందుకే? నువ్వు అడిగినవు. నేను అడగలే."

నాకు అర్థం కాలేదు. ఆమె ఎడ్ల వైపు చూస్తూ చెప్పింది.

"మా అవ్వ నస్రుల్లాబాద్ల ఉండె. మంచంల పడ్డదని కబురొచ్చింది. నాకు నీ ఈడే. మా అత్త ఏమంటదో అని నోరు తెరవలే. ఇయ్యాల అడుగుత, రేపు అడుగుత అనుకుంట ఉన్న. అవ్వ పొయ్యినంక పంపిన్రు. అడిగితె పంపునో, పంపకపోవునో. గిప్పుడు నాకెట్ల ఎరుకైతది?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ బాపు అడిగిన నాడే నిన్ను పంపేదుండె. పో బిడ్డా. మీ అవ్వకు ఆనుతుండంగనే పో."

బండి కదలకముందే ఆమె లోపలికి పోయింది. ఎల్లారెడ్డి దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను, ఎందుకేడుస్తున్నానో మా ఆయనకు అర్థం కాక, కప్పకోసమా అని కూడా అడిగాడు.

అవ్వ నా గొంతు విని గుమ్మంలోకి వచ్చింది. రెండు చేతులతో నా ముఖం పట్టుకుని, కండ్లు చిట్లించి, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా తెచ్చుకుని చూసింది. కనబడ్డాను. కండ్లు ఉబ్బి ఉండడం కూడా కనబడింది.

"మీ అత్త ఎసొంటిది బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

చుట్టూ అక్క చెల్లెండ్లు, వదినలు నా నోటి వైపే చూస్తున్నారు. దారి పొడుగునా చెప్పాలనుకున్న కథ నాలుక చివరే ఉంది.

"మస్తు ధైర్యం గలదవ్వా," అన్నాను.